పై వరస సిస్టరమ్మ

మాఘమాసం వెళ్ళేసరికి ఈతమెట్ట మీద గడ్డి చప్పుడు మారుతుంది. పచ్చిగడ్డి గాలికి వంగి లేస్తుందే తప్ప నోరు విప్పదు. ఎండిన గడ్డి మాత్రం ఎవరో కొత్త నోట్ల కట్ట విప్పుతున్నట్టు గరగరమంటుంది. ఈ ఉదయం కాఫీ గ్లాసుతో పెరటి గట్టు మీద కూర్చున్నప్పుడు ఈ ఏటికి మొదటిసారిగా ఆ చప్పుడు విన్నాను. కింద ఓడరేవులో ఏదో నౌక కూత వేసింది. మల్కాపురం వైపు చమురు శుద్ధి కర్మాగారం గొట్టం కొసన మంట ఎప్పటిలాగే నిలకడగా వెలుగుతోంది. ఆ మంటకు రాత్రింబవళ్ళు కాపలా ఉంది, ఈ గడ్డికి కాపలా ఎవరు మాస్టారూ, అని కొన్నేళ్ళ క్రితం ఒక పెద్దావిడ నన్ను నిలదీశారు. గరగరమనే ఆ చప్పుడు వింటే నాకిప్పటికీ ఆ గొంతే గుర్తొస్తుంది.

ఆవిడ పేరు మెహరున్నీసా బేగం. పాతూరు వ్యాపారుల కుటుంబం. అన్నగారికి పూర్ణా మార్కెట్‌లో ఉల్లిపాయల టోకు దుకాణం ఉండేది. ఆవిడ మాత్రం నర్సు చదువు చదివి, పెద్ద ఆసుపత్రిలో కాలిన గాయాల వార్డులో చేరి, ఆ వార్డుకే పర్యవేక్షకురాలై పదవీ విరమణ చేశారు. ఉద్యోగం వదిలాక కూడా తెల్లచీరే కట్టేవారు. ఈతమెట్ట కాలనీలో ఆవిడను పేరుపెట్టి పిలిచిన వారు లేరు. చిన్నాపెద్దా అందరికీ సిస్టరమ్మే.

మా కాలనీ సంగతి చెప్పకపోతే ఆవిడ సంగతి బోధపడదు. మెట్టకు అటువైపు సముద్రం, ఇటువైపు వాలు మీద మా ఇళ్ళు. కింది వరసలకు ప్రభుత్వం పట్టాలిచ్చింది. పై వరసకు ఇవ్వలేదు. పల్లెల్లో సాగు గిట్టక ఓడరేవు పనికి, ఉక్కు పనికి వచ్చిన కుటుంబాలు అక్కడ గోడలు లేపుకున్నాయి. ప్రతి వేసవికీ ఒక అధికారి వచ్చి, ఆ వరసను కొండ మంటలు అంటుకోవచ్చుననీ, ఒకసారి కాలితే ఆ స్థలంలో మళ్ళీ ఇటుక పేర్చనివ్వమనీ చెప్పి వెళ్ళేవాడు. అంటే పై వరసకు నిప్పు అంటుకుంటే పోయేది ఒక కప్పో, ఒక గోడో కాదు. ఈ ఊళ్ళో ఉండే హక్కే పోతుంది. సిస్టరమ్మ ఏరికోరి ఆ వరసలో చిట్టచివరి ఇల్లు తీసుకున్నారు. ఎందుకని అడిగితే, "పాతూరులో కిటికీ తీస్తే పక్కింటి గోడ. ఇక్కడ తీస్తే మొత్తం హార్బరు," అన్నారు.

నేనప్పట్లో కింది వరసలో ఉండేవాణ్ణి. కంచరపాలెం ఉన్నత పాఠశాలలో ప్రధానోపాధ్యాయుడిగా పదవీ విరమణ చేసి, కాలనీ సంక్షేమ సంఘానికి కార్యదర్శిగా ఉన్నాను. నా బడిలో ప్రార్థనకు ఆలస్యంగా వచ్చినవాడు గేటు బయట నిలబడేవాడు, వాడు ఎవరి కొడుకైనా సరే. క్రమం లేని చోట మంచితనం కూడా నిలవదని నా నమ్మకం. ఆ నమ్మకాన్ని ఈ వయసులో మార్చుకోదలచలేదు. సిస్టరమ్మ దాన్ని మార్చలేదు కూడా. దాన్ని ఈ కొండ మీదికి ఎక్కించారు, అంతే.

ఆవిడ మొదటిసారి మా ఇంటికి వచ్చినరోజు కుర్చీ చూపినా కూర్చోలేదు.

"మాస్టారూ, కొండ అంటుకుంటే ఏం చేస్తారు?"

"ఫైరింజను వారికి ఫోను చేస్తాను."

"చేశారు. వాళ్ళు వచ్చారు. తరవాత? ఒకసారి నాతో రండి."

రేషను దుకాణం దగ్గర తారురోడ్డు అయిపోతుంది. అక్కడినుంచి పైకి మెట్లే. మెట్ల మీద సగం దాకా మోటారు సైకిళ్ళు, నీళ్ళ డ్రమ్ములు, ఎవరిదో ఇసుక పోగు. ఆవిడ రోడ్డు చివర నిలబడి చెప్పుతో నేలమీద గీత గీశారు.

"బండి ఇక్కడ ఆగుద్ది. నిప్పు ఎక్కడాగుద్దో చెప్పండి."

నేను ఆ గీతనూ, పైనున్న ఇళ్ళనూ మార్చి మార్చి చూశాను. ఆవిడ గొంతు తగ్గించారు. "ఆ ఫైరోళ్ళు మంచి పిల్లలు మాస్టారూ. ఎంతమంది చేతులకు నేనే కట్లు కట్టాను. పైపు భుజానేసుకుని ఈ మెట్లన్నీ పరుగెత్తి ఎక్కుతారు, నాకు తెలుసు. కానీ వాళ్ళెక్కేదాకా నిప్పుకీ ఇంటికీ మధ్య ఎవరో ఒకరు నిలబడాలి కదా. ఆ ఎవరో ఎవరు?"

తరువాతి ఆదివారం రామమందిరం అరుగు మీద సమావేశం పెట్టాను. వచ్చినవారిలో అప్పలనాయుడని ఓడరేవులో కలాసీ ఉండేవాడు. భుజాలు తలుపంత వెడల్పు. అతని భార్య సింహాచలం రెండు గేదెల్ని మేపుతూ కాలనీకంతా పాలు పోసేది. ప్రతి ఏడూ కొండగడ్డికి నిప్పు పెట్టే ఘనత అప్పలనాయుడిదే. గడ్డి కాలిస్తే తొలకరికి లేతచిగురు లేస్తుంది, గేదెలకు మేత దొరుకుతుంది. ఊళ్ళో తాతలు చేసిన పద్ధతే అతనిక్కడా చేసేవాడు. అయితే పొద్దుటి డ్యూటీ దిగి, అన్నం తిని, మధ్యాహ్నం పూట నిప్పు పెట్టేవాడు. సరిగ్గా సముద్రపు గాలి మెట్ట దాటి ఇటువైపు దిగే వేళ అది.

"నాను తగలెట్టకపోతే ఆ గడ్డి ఏటవుద్ది సిస్టరమ్మా? ఎవుడో బీడీ పారేత్తాడు, అదే తగలడిపోద్ది. నానెడితే నాకు తెలిసి కాలుద్ది."

"నీకు తెలిసి కాలితే నీ మాట వింటాదా? గాలి తిరిగితే ఆగమంటే ఆగుద్దా?"

"ఎప్పుడైనా ఇల్లు కాలిందేటి మరి?"

"కాలాక నిన్ను అడగను నాయుడూ. కాలాక నువ్వు నా వార్డులో ఉంటావ్, నేను నీకు దూది పెడతా ఉంటాను."

అరుగు మీద నవ్వు లేచింది. అప్పలనాయుడూ నవ్వాడు గాని తగ్గలేదు. అప్పుడు ఆవిడ బేరానికి దిగారు. కాలనీ వెనక, ఆ చివరినుంచి ఈ చివరిదాకా, మనిషి దూకలేనంత వెడల్పున గడ్డి కోసి, మట్టి కనిపించేలా గీకి, ఒక ఖాళీ గీత చేద్దాం. కోసిన గడ్డంతా గేదెలున్న వారిదే. నువ్వు మాత్రం నిప్పు పెట్టకు. కాల్చి చిగురు కోసం ఎదురుచూడటం కన్నా కోసిన గడ్డి ఇప్పుడే చేతికొస్తుంది కదా? అప్పలనాయుడు భార్య వైపు చూశాడు. సింహాచలం తలూపింది. బేరం కుదిరింది.

పని మొదలైన రోజున నేను ఈలతో, వరసల పట్టికతో తయారయ్యాను. డ్రిల్లు చేయించినట్టు అందరినీ నిలబెట్టి, ఎవరెక్కడ కోయాలో చెప్పబోయాను. సిస్టరమ్మ నా చేతిలోంచి ఈల తీసుకుని తన కొంగున ముడివేసుకున్నారు.

"ఈల ఊదితే మీ పిల్లలు కదుల్తారు. వీళ్ళు ఊడుపు ఊడ్చిన ఆడోళ్ళు. సాలు పట్టనీండి, చూడండి."

ఆమాట నిజమే. సింహాచలం ముందు వంగింది. మిగిలిన ఆడవాళ్ళు వరినాట్లప్పుడు పొలంలో నిలబడినట్టే పక్కపక్కన వరసకట్టారు. ఒకరు వెనకబడితే పక్కవారు చేయిచాచి వారి పాలు కూడా కోసి, మళ్ళీ వరస సమం చేసుకున్నారు. మగవాళ్ళు వెనక పలుగులతో మట్టి తిరగేశారు. ఆ ఖాళీ గీతకు సాలు అనే పేరు అప్పుడే వచ్చింది. ఎవరూ ఆజ్ఞాపించకుండా అంత తీరుగా కదిలిన పంక్తిని నా ఉద్యోగ జీవితంలో ఏ మైదానంలోనూ చూడలేదు. ఆజ్ఞ ఇచ్చేవాడు ప్రక్కకు జరిగాక కూడా నిలిచేదే క్రమం అని నాకు తెలియజేసిన పాఠశాల ఆ కొండవాలు.

ఆ వేసవిలోనే దళం ఏర్పడింది. జీతం లేదు, దుస్తులు లేవు. పూర్ణా మార్కెట్‌నుంచి సిస్టరమ్మ అన్నగారు పంపిన ఉల్లిపాయల గోనెసంచులే ఆయుధాలు. గోనె తడిపి, మడిచి, మంట మొదట్లో అదిమి కొట్టడం ఆవిడ నేర్పించారు. పైకెత్తి బాదితే నిప్పురవ్వలు ఎగిరి ఎక్కడెక్కడో పడతాయని, కొట్టిన గోనెను నేలమీదే ఒక్కక్షణం ఆనించి ఉంచమని పదేపదే చెప్పేవారు. కొత్తవారు మొదట చేసే పొరపాటు నీళ్ళ బిందె పట్టుకుని మంట మీదికి పరుగెత్తడం. మా పై వరసకు వేసవిలో నీళ్ళు వచ్చేదే అరుదు.

"కొండ మీద పొయ్యకండి, కొండ తాగేస్తాది," అనేవారు ఆవిడ. "నీళ్ళు గోనెకి, మనిషికి. బస్."

అన్నీ సక్రమంగా జరుగుతున్నాయనుకుంటున్న రోజుల్లో ఒక ఉదయం ఆవిడ నన్ను పై వరస వెనక్కి తీసుకువెళ్ళారు. సాలు అద్దంలా ఉంది. దానికి ఇవతల, సింహాచలం గేదెల పాకకు ఆనించి, నీలిరంగు ప్లాస్టిక్ పట్టా కింద మనిషెత్తు గడ్డివామి. కోసిన గడ్డి కింద రేషను దుకాణం పక్క ఖాళీ స్థలంలో వేయాలన్నది మా నిబంధన. దూరాన ఉంచవలసిన ఎండుగడ్డిని ఇంటి నడుముకు కట్టుకున్నట్టుగా ఉంది అక్కడి వాలకం. ఇళ్ళు చూసుకుంటూ పోతే చిన్నవీ పెద్దవీ ఇంకా కొన్ని కనిపించాయి. చేతికొచ్చిన గడ్డిని కళ్ళెదుట లేకుండా ఎక్కడో పడేయడానికి రైతుబిడ్డల ప్రాణం ఒప్పుకోలేదు.

"సింహాచలం, ఇదేంటి?"

"మేత."

"కింద వెయ్యమన్నానా లేదా?"

"కిందేత్తే ఎవుడో మోపు కట్టుకుని పట్టుకుపోతన్నాడు. నాను రోజూ అన్ని మెట్లు దిగి ఎక్కాలేటి? గడ్డి పారబోత్తే నా గేదె ఏటి తింటాది, నీ ఇంజక్షన్లు తింటాదేటి?"

"నిప్పు ఒక్క రవ్వ పడిందనుకో..."

"సాలు కోసీసినాం కదా మరి! దాటి ఎలగొస్తాది? నూకాలమ్మ పండగెల్లనీ, తీసెత్తాను. నా మాట మీద ఒగ్గీయమ్మా."

నేనైతే అక్కడే నిలబడి తీయించేవాణ్ణి. అదేమాట ఆవిడతో అన్నాను. "బలవంతంగా తీయిస్తే రేపు మనకు తెలీనిచోట పెడతాది మాస్టారూ," అన్నారావిడ, "ఇక్కడైతే కనీసం నాకు కనిపిస్తాది." ఆ నిర్ణయం సరైనదా అని ఇప్పటికీ నాలో నేను వాదించుకుంటూనే ఉంటాను.

పండగ ఇంకా రాలేదు. ఒకరోజు మధ్యాహ్న భోజనాల వేళ మెట్ట శిఖరం మీద పొగ లేచింది. అటువైపు ఎవరు అంటించారో ఈనాటికీ తెలియదు. సముద్రపు గాలి దాన్ని మెట్ట దాటించి మా మీదికి తోసింది. దళం విస్తళ్ళ ముందునుంచి లేచి వచ్చింది. నేను ఫైరింజను వారికి ఫోను చేసి, ముసలివారినీ పిల్లల్నీ మెట్లు దింపే పనిలో పడ్డాను. నేను తిరిగి పైకెక్కేసరికి మంట సాలు దగ్గరకు వచ్చి, తినడానికేమీ లేక అక్కడక్కడే మెలికలు తిరుగుతోంది. గోనెలు దాన్ని అదిమి పట్టాయి. అప్పలనాయుడు ఒకచోట మొదలుపెట్టి పక్కకు జరుగుతూ కొడుతుంటే, "ఒరే బావా, నా వాటా నాకొగ్గవేట్రా!" అని ఎవరో అరిచారు. ఆ పొగలోనూ నవ్వు వినిపించింది. గెలిచామనే అనుకున్నాం.

ఒక్క రవ్వ అందరి తలల మీదుగా ఎగిరి వెళ్ళి నీలి పట్టా మీద పడింది. ప్లాస్టిక్ ముడుచుకుపోయింది. గడ్డివామి భగ్గుమంది. దానికి ఆనుకుని పాక, పాకకు ఆనుకుని ఇల్లు, ఆ ఇంటి గోడకు తగులుకుని వరసంతా. మగవాళ్ళు డ్రమ్ములవైపు పరుగెత్తారు. సిస్టరమ్మ అడ్డం నిలబడ్డారు.

"నీళ్ళు ముట్టొద్దు! వామిని కాలనీండి, అది పోయింది. పాక పీకండి. ఇల్లు దక్కాలంటే పాక పోవాలి!"

అప్పలనాయుడు నిశ్చేష్టుడై నిలబడిపోయాడు. ఆ పాక అతను సొంతచేతులతో కట్టుకున్నది. నలుగురు ముందుకు ఉరికారు. సింహాచలం అప్పటికే గేదెల పలుపులు కోసి వాటిని మెట్లవైపు అదిలించింది. వెనక్కి తిరిగి చేతులు చాచి అందర్నీ ఆపింది.

"ఎవులూ సెయ్యెయ్యకండి. నాది నాను పీకుతాను!"

కాలెత్తి మొదటి రాటను తన్నింది. రెండో తన్నుకు రాట వంగింది. అప్పుడుగాని ఆమె భర్తకు ఒంట్లోకి ప్రాణం రాలేదు. అతనూ పడ్డాడు, ఆపైన అందరూ. పాక కప్పు మంటవైపు కూలకుండా పక్కకు ఈడ్చి, నేలమీద పరిచి గోనెలతో అదిమారు. ఇంటి గోడ నల్లబడింది. ఇల్లు నిలిచింది. వరస నిలిచింది.

ఆ ఈడ్చడంలో అప్పలనాయుడి కుడిచేయి మోచేతిదాకా కాలింది. సింహాచలం ఇంట్లోకి పరుగెత్తి టూత్‌పేస్టు తెచ్చింది.

"పేస్టు పళ్ళకే!" అని కసిరారు సిస్టరమ్మ. "ఇప్పుడు తియ్యండి నీళ్ళు. చేతి మీద మెల్లగా పొయ్యి, ఆపకుండా పొయ్యి. నే చెప్పేదాకా ఆపకు." ఆవిడ ఆ నీళ్ళను అంత పంతంగా ఎవరికోసం దాచారో నాకప్పుడు తెలిసింది. ఆ చేయి ఇప్పటికీ తాడు లాగుతోంది.

ఫైరింజను సిబ్బంది పైపులు భుజానేసుకుని, రొప్పుతూ, ఆవిడ చెప్పినట్టే మెట్లన్నీ పరుగున ఎక్కి వచ్చారు. మిగిలిన మంటను చీకటి పడకముందే చల్లార్చారు. వారి నాయకుడు సాలు వెంట ఒకసారి నడిచి చూసి, టోపీ తీసి, "ఇది కోసినోళ్ళెవరమ్మా?" అని అడిగాడు. సిస్టరమ్మ ఆడవాళ్ళవైపు చూపించారు. అతను వారికి సెల్యూట్ చేశాడు. వారికి తిరిగి ఏం చెయ్యాలో తెలియక కొంగులు సవరించుకున్నారు.

వారం తిరక్కుండానే సన్మానం. రామమందిరం అరుగు మీద మైకు, పూలదండలు, శాలువాలు. ఏటేటా వచ్చే అధికారి కూడా వచ్చి, దళం ధైర్యాన్ని పొగిడి, చివర్లో మెత్తగా అన్నాడు: "ఈసారి అదృష్టం బాగుంది. అందుకే చెప్తున్నాం, పై వరస ఖాళీ చేస్తే ఈ ప్రమాదమే ఉండదు." సిస్టరమ్మ తన మీద కప్పిన శాలువాను వేళ్ళ మధ్య నలిపి చూశారు.

"ఇది పాలిస్టరు బాబూ. నిప్పు మీద కొడితే అదే అంటుకుంటాది. మాకు గోనెలివ్వండి, కొడవళ్ళివ్వండి, మెట్ల పక్కన పట్టుకోను ఇనప కమ్మీ వేయించండి. ఖాళీ సంగతా? ఖాళీ చెయ్యం. కాలనివ్వం."

అధికారి నవ్వాడు. "అనధికార నిర్మాణాలకు కమ్మీలెలా వేస్తామమ్మా?"

"నిప్పు పట్టా చూసి అంటుకుంటాదా?"

అరుగు కింద నిలబడిన కాలనీ చప్పట్లు కొట్టలేదు. అంతకన్నా గట్టిపని చేసింది. ఒక్కరూ అక్కడినుంచి కదల్లేదు. వారలా నిలబడేసరికి మైకే మూగబోయింది. మరుసటి ఉదయం సింహాచలం ముందు నడవగా, పై వరస వెనక మిగిలిన వాములన్నీ మోపులై మెట్లు దిగాయి. ఇనప కమ్మీ మాత్రం కాలనీయే చందాలు వేసుకుని బిగించుకుంది.

నేనిక్కడ ఒకమాట కఠినంగానే చెబుతాను. స్వచ్ఛందంగా నిప్పుకు ఎదురెళ్ళేవారిని మనం మంట ఆరాక పొగుడుతాం, ఎండలు ముదరకముందు మరిచిపోతాం. సిస్టరమ్మకు పొగడ్త అంటే కోపం లేదు. పొగిడి ఇంటికి పోయేవాళ్ళంటేనే కోపం. గడ్డి పచ్చగా ఉన్నప్పుడే కొడవలి నూరేవాడు ఆవిడ లెక్కలో అసలైన దళ సభ్యుడు. మిగిలినవారిని అతిథులనేవారు.

రెండేళ్ళ క్రితం వర్షాకాలంలో ఆవిడకు పెద్ద జబ్బు చేసింది. అన్నగారు పాతూరుకు తీసుకువెళ్ళారు. మళ్ళీ కొండెక్కలేదు. కడసారి చూడడానికి పై వరస ఆడవాళ్ళంతా పాతూరు సందుల్లోకి వెళ్ళారు. సింహాచలం అక్కడ ఏడవలేదు. తిరిగొచ్చాక మెట్ల మీద కూర్చుని, "నన్నెవులు తిడతారు ఇప్పుడు?" అని మాత్రం అంది.

తాళం వేసిన ఆ ఇంటి పెరట్లో తరువాతి వేసవికి గడ్డి నడుము ఎత్తు లేచింది. దళం కోస్తూనే ఉంది. కానీ మనిషి లేని ఇంటి పెరడు వరసకు తెగిన కొస లాంటిది. అధికారులకూ మొదట కనిపించేది ఆ తాళమే. ఒకటి ఖాళీ అయింది కదా అని రెండోదాన్ని అడుగుతారు. నేను పూర్ణా మార్కెట్‌కు వెళ్ళి ఆవిడ అన్నగారిని తాళంచెవి అడిగాను. పట్టా ఉన్న నా ఇంటిని మా అమ్మాయికి అప్పగించాను. "ఈ మోకాళ్ళతో పైకెందుకు నాన్నా?" అని అమ్మాయి బాధపడింది. నా పెట్టెలు మెట్లెక్కుతుంటే సింహాచలం నడుం మీద చేతులు పెట్టుకుని చూసింది.

"ఓలమ్మో, పట్టా ఇల్లు ఒగ్గీసి పైకొచ్చీసినారేటి మాస్టారూ? మతుండే సేత్తన్నారా?"

"ఉండే చేస్తున్నాను. నా కొడవలి ఎవరు నూరతారో చెప్పు."

"మీది మీరే నూరుకోవాల. సిస్టరమ్మ కాలం నాటి రూలు."

మొన్న ఆ అధికారి స్థానంలో కొత్తగా వచ్చినాయన నోటీసుల కట్టతో వచ్చాడు. వేసవి దగ్గరపడింది, కొండ మంటల ముప్పు ఉంది, పై వరస వారు స్వచ్ఛందంగా ఖాళీ చేయాలి, అని చదివాడు. నేను లేచి, వరుసక్రమంలో, వాక్యం తరువాత వాక్యం, ఎందుకు చేయమో చెప్పాను. ఆయన ఓపికగానే విన్నాడు. తరువాత నన్ను పక్కకు పిలిచి, "మాస్టారూ, మీది కింది వరస అని విన్నాను. మీకు పట్టా ఉంది. మీకెందుకొచ్చిన గొడవ?" అన్నాడు.

"తప్పుగా విన్నారు. నాది పై వరస, చిట్టచివరి ఇల్లు," అన్నాను. "నోటీసు ఇవ్వదలచుకుంటే మొదటిది నాకే ఇవ్వండి. రేపు ఉదయం మాత్రం రాకండి, ఇళ్ళ దగ్గర ఎవరమూ దొరకం. గడ్డి కోతకు వెళుతున్నాం."